మోటార్ మారిస్తే మెషిన్ మారుతుందా?

పదిహేను, ఇరవై వేలు పెడితే కొరియర్‌లో ఇంటికొచ్చే బుల్లి సీఎన్‌సీ మెషిన్ ఇప్పుడు మన పక్కకీ వచ్చేసింది. విజయనగరంలో ఒకడు నేమ్‌బోర్డులు చెక్కుతున్నాడు. రాజాంలో ఇంజినీరింగ్ పిల్లలు ప్రాజెక్టుకి సర్క్యూట్ బోర్డులు గీస్తున్నారు. కొన్న మొదటి నెల అంతా సరదానే. రెండో నెలలో ఒకరోజు మెషిన్ ‘కట్ కట్ కట్’ మంటుంది. అప్పటిదాకా చక్కగా వచ్చిన అక్షరం మధ్యలోంచి మూడు మిల్లీమీటర్లు పక్కకి జరిగిపోతుంది. వెంటనే యూట్యూబ్ తెరుస్తాం. అక్కడ అందరూ చెప్పేది ఒకటే: ‘మోటార్లు మార్చెయ్, డ్రైవర్లు మార్చెయ్!’

మార్చొచ్చు. కానీ ఎప్పుడు, ఏది, ఎంత పెట్టి? ఇక్కడే చాలామంది జేబుకి చిల్లు పడుతోంది.

బొబ్బిలి నుంచి ఫోన్

మా ఇంజినీరింగ్ బ్యాచ్‌మేట్ ఒకడిది బొబ్బిలి. సంగతి తెలిసిందేగా, ఆ ఊరి పేరు చెబితే ముందు యుద్ధం, తర్వాత వీణ గుర్తొస్తాయి. పక్కనే ఉన్న గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు తరతరాలుగా వీణలు చేస్తున్నాయి. పనస దుంగని అతుకు లేకుండా ఒక్క ముక్కగా తొలిచి చేసేదాన్ని ఏకాండ వీణ అంటారు. బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పెద్ద వీణ కొనేవాళ్లు కొద్దిమందే కాబట్టి, షీల్డులకి బదులు బహుమతిగా ఇచ్చుకునే చిన్న చిన్న వీణలకి గిరాకీ ఎక్కువ.

మావాడు వీణలు చెయ్యడు, చేసే చెయ్యి వాడికి లేదు. పెదనాన్న వరసాయన ఒకరు చేసే చిన్న వీణలకి కింద పెట్టే పనస చెక్క పీట మాత్రం వాడు మెషిన్ మీద తయారుచేస్తాడు. పీట మీద పెళ్లికూతురు, పెళ్లికొడుకు పేర్లు, తేదీ, చుట్టూ ఒక లత. మాఘమాసం పెళ్లిళ్లకి అరవై పీటల ఆర్డర్ వచ్చింది. మూడో పీట దగ్గర మెషిన్ తన్నింది.

“ఒరే, నెమా 23 మోటార్లు పెట్టేద్దావేట్రా? పద్నాలుగు వేలు అవుద్ది. కార్ట్‌లో పెట్టీసేను” అన్నాడు ఫోన్‌లో.

డబ్బు ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. పాడైంది ఆరబెట్టిన పనస చెక్క. పచ్చి చెక్క మెషిన్ మీద పెడితే జిగురు బిట్‌కి పట్టేస్తుంది, తర్వాత చెక్క వంకర తిరుగుతుంది. అందుకే నెలల తరబడి నీడలో ఆరబెడతారు. ఆ పెద్దాయన ఒకే మాటన్నారట: “చెక్క మళ్లీ కొంటాం బాబూ, ఆరిన కాలం ఎక్కడ కొంటాం?” ఆర్డర్‌కి ఇంకా నెల కూడా లేదు. చెక్కలు లెక్కపెట్టినట్టు ఉన్నాయి.

నేను ఆ శనివారం బొబ్బిలి బస్సెక్కాను. కార్ట్‌లో ఉన్నదాన్ని అలాగే ఉంచమన్నాను.

కళ్లకి గంతలు కట్టుకుని నడిచే మోటార్

ముందు ఈ మెషిన్ ఎలా పనిచేస్తుందో ఒక్క నిమిషం. అందరి దగ్గరా ఉండేది 3018 మోడలే. అంటే 300 మి.మీ. పొడవు, 180 మి.మీ. వెడల్పు పని చేసే జాగా. ఎత్తు 45 మి.మీ. ఉంటుంది. మూడు వైపులా కదలడానికి మూడు స్టెప్పర్ మోటార్లు. వాటి మెదడు ఆర్డ్వినో ఊనోలో ఉండే చిప్పే. అందులో నడిచే సాఫ్ట్‌వేర్ పేరు జీఆర్‌బీఎల్. 2009లో నార్వేకి చెందిన సిమెన్ స్వాలె స్కోగ్స్‌రూడ్ దాన్ని మొదలుపెట్టాడు. తర్వాత సన్నీ జియోన్ చాలా ఏళ్లు దాన్ని పెంచి పోషించాడు. 32 కేబీ మెమరీలో ఇంత పెద్ద పని ఇమిడ్చారంటే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే నాలాంటోళ్లకి కాస్త సిగ్గే. మా ఆఫీసులో లాగిన్ పేజీకే అంతకు వందరెట్లు కావాలి.

స్టెప్పర్ మోటార్ ఒక పల్స్ ఇస్తే ఒక అడుగు వేస్తుంది. అడుగు 1.8 డిగ్రీలు, చుట్టుకి 200 అడుగులు. డ్రైవర్ చిప్ ఒక్కో అడుగునీ 16 ముక్కలు చేస్తుంది. దీన్నే మైక్రోస్టెప్పింగ్ అంటారు. అంటే చుట్టుకి 3200 పల్సులు. 3018లో ఉండే మరస్క్రూ ఒక చుట్టుకి 4 మి.మీ. ముందుకెళ్తుంది. 3200ని 4తో భాగిస్తే 800. జీఆర్‌బీఎల్ సెట్టింగుల్లో $100=800 అని కనిపించేది ఇదే. ఈ లెక్క గుర్తుంచుకోండి, కింద మళ్లీ పని పడుతుంది.

అసలు విషయం ఏంటంటే, బోర్డు పల్సులు పంపుతుందే తప్ప మోటార్ నిజంగా తిరిగిందో లేదో చూడదు. కళ్లకి గంతలు కట్టి “పది అడుగులు ముందుకి, ఐదు అడుగులు ఎడమకి” అంటే నడిచేవాడిలాంటిది. మధ్యలో ఒకసారి కాలు జారితే, అక్కడి నుంచి వేసే ప్రతి అడుగూ తప్పే. వాడికి ఆ సంగతి తెలీదు, చెప్పేవాడికీ తెలీదు. డిజైన్ జరిగిపోవడమంటే ఇదే.

కాలు ఎందుకు జారింది అన్నదే ప్రశ్న. బలం చాలక జారిందని అందరం అనుకుంటాం. నిజంగా చాలలేదా?

బలం లెక్క

ఈ మెషిన్లతో సాధారణంగా వచ్చేది 1.3 ఆంపుల నెమా 17 మోటార్. బలం పావు న్యూటన్-మీటర్ దరిదాపుల్లో. మన దుకాణాల భాషలో రెండున్నర కేజీ-సెంటీమీటర్. వినడానికి చిన్నగానే ఉంటుంది. కానీ మధ్యలో మరస్క్రూ ఉందిగా! కారు జాకీని చేత్తో తిప్పితే కారు లేస్తుంది, అదే మహిమ. 4 మి.మీ. స్క్రూ మీద పావు న్యూటన్-మీటర్ పెడితే, ఘర్షణకి సగం పైన వదిలేసినా పదిహేను కిలోల తోపు వస్తుంది. తిరిగే వేగానికి ఇంకో సగం పోయిందనుకోండి, ఏడెనిమిది కిలోలు మిగులుతుంది. మూడు మి.మీ. బిట్టు, మిల్లీమీటరున్నర లోతు, చెక్క. బిట్టు పదునుగా ఉంటే దీన్ని ముందుకి తొయ్యడానికి కిలో బలం కూడా అక్కర్లేదు.

అంటే కావలసిన దానికంటే ఎన్నో రెట్లు బలం పెట్టెలోంచే వచ్చింది. అయినా మెషిన్ తన్నుతోందంటే, రోగం వేరే చోట ఉంది. మోటార్ మారిస్తే ఆ రోగం కొన్నాళ్లు దాక్కోవచ్చు, పోదు.

గాల్లో గీయించండి

బొబ్బిలి వెళ్లాక మేము చేసిన మొదటి పని, బిట్టు తీసేసి అదే ఫైల్‌ని గాల్లో నడపడం. చెక్క లేదు, బిట్టు లేదు, బరువు లేదు. అప్పుడు కూడా డిజైన్ జరిగిందంటే కోత తప్పు కాదు, కరెంట్‌దో యాంత్రికమైనదో. గాల్లో బాగా నడిచి చెక్కలోనే తప్పితే, బిట్టు మొద్దుబారిందో, లోతు ఎక్కువ పెట్టారో, వేగం ఎక్కువైందో చూడాలి. పైసా ఖర్చు లేని పరీక్ష. యూట్యూబ్‌లో దీనికి వ్యూస్ రావు కాబట్టి ఎవరూ చూపించరు.

రెండోది మార్కర్ పెన్ను. మోటార్ షాఫ్ట్‌నీ మరస్క్రూనీ కలిపే చిన్న అల్యూమినియం ముక్క ఉంటుంది, కప్లర్. షాఫ్ట్ మీదా కప్లర్ మీదా కలిసేలా ఒక గీత గీయండి. అరగంట నడిపాక గీత రెండు ముక్కలైతే కప్లర్ స్క్రూ వదులైంది అన్నమాట. మోటార్ తన పని సరిగ్గా చేస్తోంది, కప్లరే జారుతోంది. బయటికి మాత్రం ‘మోటార్‌కి బలం లేదు’ అన్నట్టే కనిపిస్తుంది.

గాల్లో మొదటి రెండు సార్లు బాగానే వచ్చింది. మూడోసారి, దాదాపు గంట దాటాక, ఎక్స్ వైపు జరిగింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు లేదు, మధ్యాహ్నం వస్తోంది. మావాడు అప్పటికే చెప్పాడు, “మొదటి రెండూ ఎప్పుడూ బాగుంటాయిరా, మూడోదే తేడా” అని. వేడి అని అక్కడే అనుమానం వచ్చింది.

బోర్డు డబ్బా విప్పితే పసుపు రంగు పొడి! పనస చెక్క పొట్టు. డ్రైవర్ల మీద గాలి కొట్టాల్సిన బుల్లి ఫ్యాన్ ఆ పొడితో బిగుసుకుపోయి ఉంది. ఎన్నాళ్ల నుంచి తిరగట్లేదో దానికే తెలియాలి.

ఈ బోర్డుల్లో ఎక్కువగా వచ్చే డ్రైవర్ చిప్ ఏ4988. కాగితం మీద 2 ఆంపులు అంటారు. హీట్‌సింక్, గాలి లేకపోతే 1 ఆంప్ దగ్గరే ఆయాసపడుతుంది. లోపల వేడి 165 డిగ్రీలకి చేరితే తనని తాను కాపాడుకోవడానికి అవుట్‌పుట్ ఆపేస్తుంది. చల్లారగానే మళ్లీ మొదలెడుతుంది. ఈ మధ్యలో బోర్డు పంపిన పల్సులన్నీ గాలికి పోయినట్టే. ‘కట్ కట్’ శబ్దం అదే. పైగా వై వైపు కప్లర్ గీత కూడా సన్నగా విడిపోయి ఉంది. ఒక మెషిన్‌కి రెండు రోగాలు.

కొత్త ఫ్యాన్, డబ్బాకి గాలి వచ్చేచోట పాత నైలాన్ గుడ్డ, కప్లర్ స్క్రూలకి ఒక చుక్క థ్రెడ్‌లాకర్. మొత్తం ఖర్చు మూడొందల లోపు. మావాడి మొహం చూడాలి. పద్నాలుగు వేలు మిగిలినందుకు ఆనందించాలో, కొత్త మోటార్ల సరదా పోయినందుకు ఏడవాలో తేలక అలా నిలబడిపోయాడు.

అన్నట్టు, ఆ పొడి మెషిన్‌కే కాదు, ఊపిరితిత్తులకీ మంచిది కాదు. మాస్క్ పెట్టుకోండి. వ్యాక్యూమ్ గొట్టం బిట్టు పక్కనే ఉంటే ఇంకా మేలు.

ఒక స్క్రూడ్రైవర్, ఒక మల్టీమీటర్

డ్రైవర్ మార్చే ముందు ఉన్న డ్రైవర్‌ని సరిగ్గా సెట్ చేశారా? ఫ్యాక్టరీలో ఆ చిన్న స్క్రూ ఎలా తిప్పి పంపుతారో దేవుడికెరుక. ఏ4988 మీద సన్నని స్క్రూ లాంటి పొటెన్షియోమీటర్ ఉంటుంది. దానికీ గ్రౌండ్‌కీ మధ్య వోల్టేజీ చూడాలి. దాన్ని వీరెఫ్ అంటారు. చిప్ పక్కనే రెండు చిన్న రెసిస్టర్లు, వాటి మీద ఆర్100 అని రాసి ఉంటే 0.1 ఓమ్. కావలసిన ఆంపులని 8తో, మళ్లీ ఆ ఓమ్స్‌తో గుణిస్తే వీరెఫ్ వస్తుంది. 1.3 ఆంపుల మోటార్‌కి 1 ఆంప్ ఇద్దాం అనుకుంటే 1 × 8 × 0.1, అంటే 0.8 వోల్టులు. రెసిస్టర్ మీద ఆర్050 అని ఉంటే అదే 1 ఆంప్‌కి 0.4 వోల్టులే. ఇది చూసుకోకుండా నెట్‌లో కనిపించిన అంకె పెట్టేసేవాళ్లు చాలామంది. రెట్టింపు కరెంట్ ఎక్కించి చిప్‌ని వేపేస్తారు.

తక్కువ పెడితే మోటార్ నీరసపడుతుంది, ఎక్కువ పెడితే డ్రైవర్ వేడెక్కి మొరాయిస్తుంది. మోటార్ మీద ఉన్న రేటింగ్‌లో 70-80 శాతం దగ్గర మొదలెట్టండి. మోటార్ వేడిగా ఉండటం తప్పు కాదు, స్టెప్పర్ల తత్వమే అది. ఆగి ఉన్నప్పుడు కూడా కరెంట్ తాగుతూనే ఉంటాయి. వేలు మూడు నాలుగు సెకన్లు ఆనించగలిగితే చాలు.

ఒక మాట మాత్రం గోడ మీద రాసి పెట్టుకోండి. పవర్ ఉండగా మోటార్ వైరు పీకొద్దు, గుచ్చొద్దు. కాయిల్‌లో ఉన్న శక్తి ఒక్కసారిగా ఎగదన్ని డ్రైవర్‌ని చంపేస్తుంది. చాలా డ్రైవర్లు పోయేది ఇలాగే.

సరే, ఇప్పుడు నిజంగా మార్చాలంటే

అన్నీ సరిచేశారు, ఇంకా వేగం కావాలి. అప్పుడు డ్రైవర్ మార్చడంలో అర్థం ఉంది. మోటార్ కంటే ముందు డ్రైవరే మార్చాలని నా అభిప్రాయం.

రాత్రిళ్లు ఇంట్లో పనిచేసేవాళ్లకి, పక్క గదిలో పసిపిల్లలు ఉన్నవాళ్లకి టీఎంసీ2209 మంచిది. మోటార్ కూత దాదాపు మాయమవుతుంది. కానీ ఆ నిశ్శబ్దానికి ఒక ధర ఉంది. స్టెల్త్‌చాప్ అనే మౌనవ్రతం మోడ్‌లో వేగం పెరిగితే బలం తగ్గుతుంది. కోత పనికి స్ప్రెడ్‌సైకిల్ మోడ్ నయం. అప్పుడు కాస్త శబ్దం వస్తుంది. త్రీడీ ప్రింటర్‌లో సూపర్ అన్నది సీఎన్‌సీలోనూ సూపర్ అవ్వాలని లేదు. ప్రింటర్ ముక్కు దేన్నీ కొయ్యదుగా! డీఆర్‌వీ8825 కూడా ఉంది, ఏ4988 కంటే కాస్త ఎక్కువ కరెంట్ ఇస్తుంది, 45 వోల్టుల దాకా ఓర్చుకుంటుంది. అయితే దాని వీరెఫ్ లెక్క వేరు. సాధారణ బోర్డు మీద వీరెఫ్‌కి రెట్టింపు ఆంపులు వస్తాయి. పాత అంకె దీనికి పెట్టొద్దు.

ఇవన్నీ సాకెట్‌లో గుచ్చుకునే రకం. మీ బోర్డులో డ్రైవర్లు సోల్డర్ చేసేసి ఉంటే ఈ ఛాన్సే లేదు. ఆర్డ్వినో ఊనో, దాని మీద సీఎన్‌సీ షీల్డ్ పెట్టి కొత్తగా కట్టుకోవడమే.

పెద్ద అడుగు వెయ్యాలంటే బయట పెట్టే డబ్బా డ్రైవర్లు. చవకది టీబీ6600, కాస్త ఖరీదైంది డీఎం542. పక్కనే బుల్లి స్విచ్‌లు ఉంటాయి, కరెంట్‌నీ మైక్రోస్టెప్‌నీ వాటితోనే సెట్ చేసుకోవచ్చు. డబ్బుంటే డీఎం542కే వెళ్లండి. 50 వోల్టుల దాకా తీసుకుంటుంది, మోటార్ నున్నగా తిరుగుతుంది. టీబీ6600 పేరుతో అమ్మే డబ్బాల్లో లోపల చిప్ ఒక్కోదాంట్లో ఒక్కోటి ఉంటుంది. డబ్బా మీద రాసిన 4 ఆంపులని అక్షరాలా నమ్మకండి.

ఇక్కడ వోల్టేజీ సంగతి అర్థం చేసుకోవాలి. కాయిల్‌లోకి కరెంట్ ఒక్కసారిగా దూకదు, నెమ్మదిగా ఎక్కుతుంది. మేడ మీద ట్యాంక్ ఎంత ఎత్తులో ఉంటే కింద బకెట్ అంత తొందరగా నిండుతుంది కదా, వోల్టేజీ ఆ ఎత్తు లాంటిది. మోటార్ వేగంగా తిరిగేటప్పుడు ఒక్కో అడుగుకి దొరికే టైమ్ తక్కువ. బకెట్ నిండకముందే పక్కది పెట్టాల్సి వస్తుంది. అందుకే వేగం పెరిగితే స్టెప్పర్‌కి బలం పడిపోతుంది. 24 వోల్టుల నుంచి 36కి వెళ్తే ఆ పడిపోవడం ఆలస్యమవుతుంది.

కానీ నిమిషానికి 1000 మి.మీ. వేగం అంటే మన 4 మి.మీ. స్క్రూ మీద మోటార్ తిరిగేది 250 చుట్లే. దానికి 24 వోల్టులు చాలు. 2000 మి.మీ. దాటాలనుకుంటేనే 36 వోల్టుల అవసరం. అక్కడ ఇంకో గోడ ఎదురవుతుంది. ఊనో చిప్ మీద జీఆర్‌బీఎల్ సెకనుకి దాదాపు 30 వేల పల్సులే పంపగలదు. మి.మీ.కి 800 పల్సులైతే నిమిషానికి 2250 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. అందుకే కొత్త డ్రైవర్‌లో మైక్రోస్టెప్‌ని 16 నుంచి 8కి దించండి. చుట్టుకి 1600 పల్సులు, మి.మీ.కి 400. $100ని కూడా 400 చెయ్యడం మర్చిపోయారో, పది మి.మీ. గీత ఇరవై వస్తుంది. దించితే నాణ్యత పోతుందని భయపడకండి. ఒక్క పల్స్ అంటే అప్పుడు కూడా 0.0025 మి.మీ. మన మెషిన్ ఊగులాట దానికి ఎన్నో రెట్లు. పైగా అడుగుని ఎన్ని ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో బలం అంత తక్కువ. 16 దగ్గర మోటార్ మొత్తం బలంలో పది శాతం కూడా ఉండదు, 32 దగ్గర ఐదే.

36 వోల్టుల సప్లై కొంటే అది డ్రైవర్లకి మాత్రమే. పాత బోర్డుకీ, బిట్టు తిప్పే 775 మోటార్‌కీ 24 వోల్టులే వేరుగా ఉండాలి. రెండూ కలిపితే పొగ చూడాల్సి వస్తుంది.

మావాడు ఆర్డర్ సగంలో ఉండగా ఎక్స్, వై రెండింటికీ బయటి డ్రైవర్లు పెట్టుకున్నాడు. కోత వేగం ఏమీ పెరగలేదు, ఎందుకంటే దాన్ని తేల్చేది బిట్టూ, 775 మోటారే. కానీ అక్షరానికీ అక్షరానికీ మధ్య, లతలో ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకి పరిగెత్తే టైమ్ బాగా తగ్గింది. అరవై పీటల్లో ఆ పరుగులు ఎన్ని వేలో!

నెమా 23 మోజు

నెమా అంటే అమెరికాలోని ఎలక్ట్రికల్ తయారీదారుల సంఘం. 17, 23 అనేవి మోటార్ బలం కాదు, ముందు పలక కొలత. 1.7 అంగుళాలు, 2.3 అంగుళాలు. అంతే. పొడుగు నెమా 17 ఒకటి పొట్టి నెమా 23కి దగ్గరగా రావచ్చు కూడా.

మోటారే మార్చాలనుకుంటే 48 మి.మీ. పొడవున్న నెమా 17 తీసుకోండి. మన దగ్గర 5.6 కేజీ-సెంటీమీటర్ అని అమ్ముతారు. బోల్టు రంధ్రాలు అదే 31 మి.మీ. దూరం, షాఫ్ట్ అదే 5 మి.మీ. పాతది విప్పి కొత్తది బిగించడమే, పావుగంట పని. నెమా 23కి రంధ్రాల దూరం 47 మి.మీ., షాఫ్ట్ లావు వేరు, కప్లర్ వేరు, బ్రాకెట్ వేరు. బరువు రెండింతలు దాటుతుంది. ఆ బరువుని ప్లాస్టిక్ పలక మీద, సన్నటి 10 మి.మీ. కడ్డీల మీద మోయించాలి.

విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. మాను మొదట్లో చిన్న కదలిక, చివర కూర్చున్న పూజారి దగ్గరకొచ్చేసరికి ఎంత పెద్ద ఊపు! పొడుగుతో వచ్చే చిక్కు అదే. కడ్డీ పొడవు రెట్టింపైతే వంగడం ఎనిమిది రెట్లవుతుంది. మోటార్ ఎంత బలంగా తోసినా, కడ్డీ వంగితే బిట్టు అనుకున్నచోట ఉండదు. నెమా 23 పెట్టిన 3018లో అడుగులు జారవు, నిజమే. వాటికి బదులు బిట్లు విరుగుతాయి. మునుపు తట్టుకోలేక ఆగిపోయే మోటార్ ఇప్పుడు ఆగకుండా తోసేస్తుంది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారే, అది.

అల్యూమినియం కొయ్యాలి, బెడ్ 600 మి.మీ. కావాలి, మరస్క్రూ బదులు బాల్‌స్క్రూ పెట్టాలి అనుకుంటే నెమా 23, డీఎం542, 36 వోల్టులు సరైన జోడీ. అయితే అది అప్‌గ్రేడ్ కాదు, కొత్త మెషిన్. ఎన్‌కోడర్ ఉన్న క్లోజ్డ్ లూప్ స్టెప్పర్లు కూడా వస్తున్నాయి. కళ్ల గంతలు విప్పినట్టు. అడుగు తప్పితే సరిదిద్దుకుంటాయి, లేదా అలారం ఇస్తాయి. ధర చూస్తే మాత్రం మన గంతలే నయం అనిపిస్తుంది.

కరెంటు పోతే?

మన పల్లెల్లో దీని గురించే ముందు ఆలోచించాలి. 2018లో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానంలో ఎన్ని రోజులు చీకట్లో ఉన్నారో అక్కడివాళ్లకి గుర్తుంది. అంత పెద్దది అక్కర్లేదు, రెండు సెకన్లు కరెంటు మినుక్కుమన్నా చాలు. జీఆర్‌బీఎల్ తను ఎక్కడుందో మర్చిపోతుంది. సగం చెక్కిన పీట, దాని మొదలు ఎక్కడో తెలీని మెషిన్.

దీనికి మందు మోటార్ కాదు, మూడు లిమిట్ స్విచ్‌లు. ఒక్కోటి యాభై రూపాయల్లోపు దొరుకుతుంది. అవి పెట్టి $22=1 చేస్తే, ఆన్ చేశాక హోమింగ్ ఆదేశం ఇచ్చిన ప్రతిసారీ మెషిన్ మూలకి వెళ్లి స్విచ్‌ని తాకి ‘ఇదీ నా ఇల్లు’ అని గుర్తుపడుతుంది. పని మొదలుపెట్టే చోటుని జీ54 ఆఫ్‌సెట్‌గా దాచుకుంటే అది కరెంటు పోయినా చెరిగిపోదు. జీ92 వాడితే చెరిగిపోతుంది, అది వాడకండి. కరెంటు వచ్చాక హోమింగ్, తర్వాత ఆగిన లైన్‌కి కాస్త ముందు నుంచి మొదలు. చెక్క క్లాంప్‌లోంచి కదల్చకపోతే పీట దక్కుతుంది. కంప్యూటర్‌కీ మెషిన్‌కీ కలిపి చిన్న యూపీఎస్ ఉంటే ఇంకా నిశ్చింత.

కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఇంకో సంగతి. ఉప్పుగాలికి మరస్క్రూ, కడ్డీలు తుప్పు పడతాయి. తుప్పు పట్టిన చోట మోటార్ బిగుస్తుంది, అక్కడే అడుగు జారుతుంది. డిజైన్ ఎప్పుడూ ఒకేచోట తప్పుతోందంటే, ఆ చోట స్క్రూ మీద వేలు పెట్టి చూడండి. మెషిన్ పని అయ్యాక తుడిచి, పల్చగా నూనె రాసి, గుడ్డ కప్పడం రెండు నిమిషాల పని.

మెషిన్ ఎంతవరకు?

ఇది రాస్తున్నానని తెలిసి ఇద్దరు ముగ్గురు అడిగారు, “అయితే వీణ కూడా మెషిన్ మీదే చేసెయ్యొచ్చుగా?” అని. 45 మి.మీ. ఎత్తు, 300 మి.మీ. పొడవు. నాలుగడుగులు దాటే వీణ అందులో ఎక్కడ పడుతుంది! పెద్ద మెషిన్ కొంటే కుండ ఆకారం తొలుస్తుందేమో. కానీ పనస దుంగని తట్టి, మోగే తీరు విని, ఇక్కడ ఇంకాస్త పల్చన చెయ్యాలి అని తేల్చేది చెవి. మెట్లు ఇరవై నాలుగింటినీ మైనం మీద శ్రుతికి కూర్చేది కూడా చెవే. మెషిన్ మీద చెక్కిన బొమ్మ వీణకి బొబ్బిలి పేరు తగిలించి అమ్మడం నాకు నచ్చదు. ఆ పేరుకి గుర్తింపు ఇచ్చిందే అలాంటివి జరక్కుండా. పీట మీద పేర్లు చెక్కడం వేరు. అది ఇంతకుముందు స్టిక్కర్ అంటించి కానిచ్చే పని. ఇప్పుడు చెక్క మీదే వస్తోంది, వీణ చేసిన చేతికి కాస్త ఎక్కువ ధర పలుకుతోంది.

అరవై పీటలూ పెళ్లికి నాలుగు రోజుల ముందే వెళ్లాయి. పాడైనవి మొదటి మూడే. వాటినీ పారెయ్యలేదు, కొత్త బిట్టు వచ్చినప్పుడల్లా వేగం, లోతు సరిచూసుకోవడానికి మావాడు వాటి వెనక వైపు గీస్తున్నాడు. కార్ట్‌లో నెమా 23 మోటార్లు ఇంకా అలాగే ఉన్నాయట. “తియ్యబుద్ధి కావట్లేదురా” అన్నాడు మొన్న.

మీ మెషిన్ తన్నుతోందా? ఈ ఆదివారం బిట్టు తీసేసి ఒక గంట గాల్లో నడపండి. పక్కన మార్కర్ పెన్ను ఉంచుకోండి.